శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం నీటి పరిశీలనకు మీ నగరం ఎంత చెల్లిస్తోంది? వాటా లెక్క తేల్చుకునే విధానం

కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ ఉన్న ఏ నగర బడ్జెట్టు తెరిచినా, వందల పేజీల మధ్య ఎక్కడో ఒక మూల ప్రాంతీయ నీటి నాణ్యత పరిశీలనకు చెల్లించే చిన్న పద్దు కనిపిస్తుంది. రోడ్లు, పోలీసులు, గ్రంథాలయాల పద్దుల పక్కన ఈ మొత్తం ఎంత చిన్నదంటే దాని గురించి సాధారణంగా ఎవరూ అడగరు. అడిగిన రోజున మాత్రం వెంటనే జవాబు దొరకదు, ఎందుకంటే ఆ వాటా బడ్జెట్టులో ఒకచోట ఉండదు. కొంత మురుగునీటి నిధిలో, కొంత వాననీటి కార్యక్రమంలో, కొంత వేరే సంస్థకు కట్టే రుసుములో కలిసిపోయి ఉంటుంది. సన్నీవేల్, మిల్పిటాస్, ఫ్రీమాంట్, శాన్ హోసే వంటి నగరాల్లో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. ఆ ఇళ్లనుంచి నగర కమిషన్లలో కూర్చునేవారికి, నగర ఉద్యోగంలో కొత్తగా చేరినవారికి, తాము కట్టే మురుగునీటి బిల్లులోని డబ్బు ఎక్కడికి పోతుందో తెలుసుకోవాలనుకునేవారికి ఉపయోగపడాలని ఈ మార్గదర్శిని రాస్తున్నాను.

హైదరాబాదులో మూసీ నీటిని, హుస్సేన్ సాగర్ నీటిని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి పరీక్షిస్తుంది. అక్కడినుంచి వచ్చినవారికి, నీటిలోకి మురుగు వదిలేవారే చందాలు వేసుకుని ఉమ్మడిగా పరీక్షలు చేయించుకోవడం మొదట వింతగానే అనిపిస్తుంది. అందుకని లెక్కలోకి దిగేముందు ఈ ఏర్పాటు ఎలా పుట్టిందో కొంత చెప్పాలి.

ఏర్పాటు ఎలా వచ్చింది

అఖాతంలోకి నీరు వదిలే ప్రతి సంస్థకూ ప్రాంతీయ నీటి నాణ్యత నియంత్రణ బోర్డు పర్మిట్ ఇస్తుంది. తాను వదిలిన నీటివల్ల అఖాతం ఏమవుతోందో పరిశీలించి చెప్పడం ఆ పర్మిట్ పెట్టే బాధ్యతల్లో ఒకటి. పూర్వం ఎవరికి వారు తమ గొట్టం మూతి దగ్గర నమూనాలు తీసి నివేదికలు పంపేవారు. పది మంది పది పద్ధతుల్లో పది చోట్ల కొలిచిన అంకెలను పక్కపక్కన పెట్టినా, అఖాతం మొత్తం పరిస్థితి ఏమిటన్న ప్రశ్నకు సమాధానం వచ్చేది కాదు. 1992లో బోర్డు ఒక తీర్మానం చేసి ఉమ్మడి పరిశీలనకు దారి తెరిచింది. 1993లో రీజినల్ మానిటరింగ్ ప్రోగ్రామ్ మొదలైంది. దీన్ని అందరూ ఆర్‌ఎంపీ అని పిలుస్తారు. నమూనాల సేకరణను, ప్రయోగశాల పనిని, విశ్లేషణను శాన్ ఫ్రాన్సిస్కో ఎస్చురీ ఇన్‌స్టిట్యూట్ అనే లాభాపేక్ష లేని సంస్థ నడిపిస్తుంది. డబ్బు ఇచ్చేది మాత్రం పర్మిట్ ఉన్నవారే: నగరాల మురుగునీటి శుద్ధి కేంద్రాలు, చమురు శుద్ధి కర్మాగారాల వంటి పరిశ్రమలు, వాననీటి కాలువలున్న నగరాలు, కౌంటీలు, అఖాతం అడుగున పూడిక తీసే రేవులు. ఏటా 30 లక్షల డాలర్లకు పైగా ఇలా పోగవుతుంది.

ఈ డబ్బుతో చేసేదంతా ఒకే ఏడాదిలో జరిగేది కాదు. చేపల్లో పాదరసం, పీసీబీలు అనే పాత పారిశ్రామిక విష రసాయనాలు ఎంత పేరుకున్నాయో సుమారు 5 ఏళ్లకొకసారి చూస్తారు. నీటిని, అడుగు మట్టిని, పక్షుల గుడ్లను వేటికవి వేర్వేరు విరామాల్లో పరీక్షిస్తారు. ఒక ఏడాది చెల్లింపుకు ఆ ఏడాదే ఫలితం కనపడాలని కౌన్సిల్‌లో ఎవరైనా పట్టుబడితే, ముందుగా ఈ సంగతి వివరించాల్సి ఉంటుంది.

మొదటి అడుగు: మీ నగరం ఎన్ని దారుల్లో చెల్లిస్తోందో కనిపెట్టండి

చాలామంది పొరపడేది ఇక్కడే. నగరం పేరు మీద ఉన్న ఒక్క రసీదు చూసి, ఇదే మా వాటా అనుకుంటారు. నిజానికి చూడాల్సిన దారులు మూడు.

మొదటిది మురుగునీటి దారి. మీ ఇంటి మురుగు ఏ శుద్ధి కేంద్రానికి చేరుతుందో, ఆ కేంద్రం ఎవరిదో తెలుసుకోవాలి. సన్నీవేల్‌కు సొంత శుద్ధి కేంద్రం ఉంది కాబట్టి ఆ నగరం తన వాటాను నేరుగానే భరిస్తుంది. మిల్పిటాస్ మురుగు శాన్ హోసే, శాంతా క్లారా నగరాల ఉమ్మడి యాజమాన్యంలోని ప్రాంతీయ కేంద్రానికి పోతుంది. చెల్లింపు ఆ కేంద్రం పేరు మీద జరుగుతుంది, మిల్పిటాస్ భాగం శుద్ధి ఖర్చుల బిల్లులో కలిసి వస్తుంది. మౌంటెన్ వ్యూ నగరానికి పాలో ఆల్టో కేంద్రంతో ఇలాంటి సంబంధమే ఉంది. ఫ్రీమాంట్ సంగతి ఇంకో రకం. అక్కడ మురుగునీటి పని నగరానిది కాదు, యూనియన్ శానిటరీ డిస్ట్రిక్ట్ అనే ప్రత్యేక సంస్థది. శుద్ధి చేసిన నీటిని ఆ సంస్థ ఈస్ట్ బే డిశ్చార్జర్స్ అథారిటీ ఉమ్మడి గొట్టం ద్వారా అఖాతంలోకి వదులుతుంది. ఫ్రీమాంట్ నగర బడ్జెట్టులో ఎంత వెతికినా ఈ పద్దు దొరకదు, అయినా ఫ్రీమాంట్ నివాసి డిస్ట్రిక్టుకు కట్టే రుసుములో అది ఉంటుంది.

రెండోది వాననీటి దారి. వీధుల్లో పడిన వాన ఏ శుద్ధీ లేకుండా కాలువల్లోంచి అఖాతంలోకి పోతుంది. టైర్ల పొడి, బ్రేకుల రాగి, పాత భవనాల పీసీబీలు అన్నీ దానితోనే పోతాయి. ఇందుకోసం 70కి పైగా నగరాలు, కౌంటీలు, వరద నియంత్రణ సంస్థలు ఒకే ఉమ్మడి వాననీటి పర్మిట్ కింద ఉన్నాయి. 2009లో మొదలైన ఆ పర్మిట్‌ను 2015లో, 2022లో కొత్తగా ఇచ్చారు. ఈ నగరాలు కౌంటీల వారీగా జట్టుకట్టి పని చేస్తాయి. శాంతా క్లారా లోయలో 13 నగరాలు, పట్టణాలు, కౌంటీ ప్రభుత్వం, అక్కడి నీటి సరఫరా, వరద నియంత్రణ సంస్థ అయిన వ్యాలీ వాటర్ కలిసి 15 సంస్థల కార్యక్రమం ఒకటి నడుస్తోంది. అలమేడా కౌంటీలోనూ ఇలాంటిది ఉంది. అఖాతం పరిశీలనకు చెల్లించాల్సింది ఈ కౌంటీ కార్యక్రమం ద్వారానే వెళుతుంది కాబట్టి, మీ నగర పద్దుల్లో అది కౌంటీ కార్యక్రమ సభ్యత్వ చందా పేరుతో కనపడుతుంది. శాన్ ఫ్రాన్సిస్కో నగరం ఇందుకు మినహాయింపు. అక్కడ చాలా భాగంలో మురుగునీటికీ వాననీటికీ ఒకటే కాలువ, రెండూ శుద్ధి కేంద్రానికే చేరతాయి కాబట్టి ఆ నగరాన్ని ఈ ఉమ్మడి పర్మిట్ కట్టడి చేయదు.

మూడోది పూడికతీత దారి. నగరానికి సొంత పడవల రేవు ఉండి, అందులో పూడిక తీయిస్తుంటే తప్ప ఇది వర్తించదు. ఉంటే రేవు నిధి పద్దుల్లో చూడండి.

రెండో అడుగు: పర్మిట్‌లోని వాక్యం పట్టుకోండి

ఈ చెల్లింపు స్వచ్ఛంద విరాళం కాదు, అలాగని పన్నూ కాదు. పర్మిట్ షరతును నెరవేర్చే ఒక మార్గం. ఉమ్మడి వాననీటి పర్మిట్‌లో నీటి నాణ్యత పరిశీలనకు సంబంధించిన భాగం సి.8. అఖాతం నీటిని పరిశీలించే కార్యక్రమానికి, అది కనీసం ఆర్‌ఎంపీకి సమానమైన స్థాయిలో ఉండేలా, ప్రతి సంస్థా తన న్యాయమైన వాటాను ఏటా డబ్బు రూపంలో ఇవ్వాలన్నది అందులోని నిబంధన సారాంశం. మీ శుద్ధి కేంద్రం పర్మిట్‌లో, దానికి జతచేసిన పరిశీలన, నివేదికల కార్యక్రమంలో ఇలాంటి వాక్యమే ఉంటుంది. రెండు పర్మిట్లూ ప్రాంతీయ బోర్డు దగ్గర బహిరంగ పత్రాలే. ఆ వాక్యాన్ని యథాతథంగా, ఉత్తర్వు సంఖ్యతో సహా రాసుకోండి. తర్వాత కౌన్సిల్‌కు ఇచ్చే నివేదికలో అన్నిటికంటే బలమైన వాక్యం అదే అవుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పర్మిట్ న్యాయమైన వాటా అంటుంది కానీ ఎంత శాతమో చెప్పదు. ఆ శాతాన్ని చెల్లించేవారే కూర్చుని తేల్చుకుంటారు. మీ నగరం మాట చెల్లే చోటు అది, ఆ మాట వినిపించకుండా ఉండిపోయే చోటు కూడా అదే.

మూడో అడుగు: కార్యక్రమం బడ్జెట్టు తెప్పించుకోండి

ఆర్‌ఎంపీకి ఒక స్టీరింగ్ కమిటీ, దానికి సాంకేతిక సలహా ఇచ్చే మరో సమీక్షా కమిటీ ఉన్నాయి. చెల్లించే విభాగాల ప్రతినిధులు, బోర్డు అధికారులు స్టీరింగ్ కమిటీలో ఉంటారు. ఏటా సవివరమైన కార్యప్రణాళికను, బడ్జెట్టును తయారు చేస్తారు. వచ్చే కొన్నేళ్లకు ఏ అధ్యయనానికి ఎంత పెట్టాలో చెప్పే బహువార్షిక ప్రణాళిక వేరుగా ఉంటుంది. ఈ రెంటినీ సంపాదించి మొత్తం బడ్జెట్టు ఎంత, అందులో ఏ విభాగం ఎంత ఇస్తుంది, గత ఏడాదితో పోలిస్తే పెరుగుదల ఎంత అన్న అంకెలు రాసుకోండి. నగరాల మురుగునీటి విభాగానిది అన్నిటికంటే పెద్ద వాటా, దాని వెనుక వాననీటి విభాగం వస్తుంది.

నాలుగో అడుగు: మెట్టు మెట్టుగా లెక్క కట్టండి

వాటా ఎప్పుడూ గుణకారంగానే దిగి వస్తుంది. మొత్తం బడ్జెట్టులో విభాగం శాతం, విభాగంలో మీ కేంద్రం లేదా కౌంటీ శాతం, అందులో మీ నగరం శాతం. కింది ఉదాహరణలోని శాతాలన్నీ పద్ధతి అర్థం కావడానికి నేను ఊహించినవే. మీ లెక్కలో మీ పత్రాల్లోని అంకెలు పెట్టుకోవాలి.

కార్యక్రమం బడ్జెట్టు 40,00,000 డాలర్లు అనుకుందాం. మురుగునీటి విభాగానిది 45 శాతం అనుకుంటే 18,00,000. ఆ విభాగంలో మీ ప్రాంతీయ శుద్ధి కేంద్రానిది 6 శాతం అయితే 1,08,000. ఆ కేంద్రానికి వచ్చే మురుగులో మీ నగరానిది 10 శాతం అయితే మీ నగరం మీద పడేది 10,800 డాలర్లు. ఇక వాననీటి విభాగానిది 24 శాతం అనుకుంటే 9,60,000. అందులో మీ కౌంటీ కార్యక్రమానిది 28 శాతం అయితే 2,68,800. కౌంటీలో మీ నగరానిది 7 శాతం అయితే 18,816 డాలర్లు. రెండు దారులూ కలిపితే 29,616.

ఈ ఉదాహరణలో వాననీటి విభాగం మురుగునీటి విభాగం కంటే చిన్నది, అయినా నగరం మీద పడిన భారం ఆ దారిలోనే ఎక్కువ. ఏదో ఒక్క దారి చూసి ఆగిపోతే లెక్క ఎంత తప్పుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

శాంతా క్లారా లోయ కార్యక్రమం సభ్యుల ఒప్పందంలో పంపిణీ నిష్పత్తులు రాసి పెట్టుకున్నారు. ఆ దామాషాలో శాన్ హోసేకు, వ్యాలీ వాటర్‌కు సుమారు 30 శాతం చొప్పున పడగా మిగిలిన 40 శాతం 13 సంస్థల మధ్య పంచారు. సన్నీవేల్ భాగం 7 శాతం చుట్టుపక్కల ఉండగా, మాంటీ సెరీనో వంటి చిన్న పట్టణానిది 1 శాతంలో ఐదో వంతు కూడా కాదు. మీ కౌంటీలోనూ ఇలాంటి ఒప్పందం ఉంటుంది. దాన్ని, దానికి జరిగిన సవరణలతో సహా అడగండి. పాత ప్రతి చూసి లెక్క కట్టి, ఆ తర్వాత సవరణ ఒకటుందని తెలిస్తే శ్రమంతా వృథా అవుతుంది.

ఐదో అడుగు: పోషకాల పద్దును మరిచిపోకండి

ఆర్‌ఎంపీ పక్కనే నడిచే మరో పెద్ద ఖర్చు ఉంది. శుద్ధి కేంద్రాలు వదిలే నీటిలో, నాచు పెరగడానికి పోషకంగా పనిచేసే నత్రజని ఎక్కువగా ఉంటుంది. అది అఖాతానికి ఎంతవరకు హాని చేస్తుందో తేల్చే శాస్త్రీయ అధ్యయనాలకు, చుట్టూ ఉన్న 37 శుద్ధి కేంద్రాలకు 2014లో ఇచ్చిన ఉమ్మడి పోషకాల పర్మిట్ ఏటా 8,80,000 డాలర్లు కేటాయించమంది. 2019 పర్మిట్ దాన్ని ఏటా 22,00,000 డాలర్లకు పెంచింది. ఈ సొమ్మును బే ఏరియా క్లీన్ వాటర్ ఏజెన్సీస్ అనే సమాఖ్య తన సభ్యుల దగ్గర వసూలు చేస్తుంది. దీన్ని బాక్వా అంటారు.

పై ఉదాహరణనే కొనసాగించి, ఈ 22,00,000లో మీ కేంద్రం భాగం 6 శాతం, కేంద్రంలో మీ నగరం భాగం 10 శాతం అనుకుంటే మరో 13,200 డాలర్లు చేరతాయి. మొత్తం 42,816. నగర జనాభా 80,000 అనుకుంటే మనిషికి ఏడాదికి సుమారు 54 సెంట్లు. తలసరి అంకె ఒక్కటీ చెప్పి వాదన ముగించడం నాకు నచ్చదు కానీ, కౌన్సిల్ సభ్యులకు పరిమాణం అర్థం కావడానికి అది చాలా ఉపయోగపడుతుంది.

ఈ ఖర్చు ఎందుకని అడిగేవారికి 2022 గుర్తుచేయండి. ఆ వేసవిలో హెటెరోసిగ్మా అకాషివో అనే నాచు అఖాతంలో విపరీతంగా పెరిగి నీటిని ఎర్రటి గోధుమ రంగుకు మార్చింది. స్టర్జన్లు, చారల బాస్ చేపలు, బ్యాట్ రేలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఆ దుర్ఘటన తర్వాత 2024లో ఇచ్చిన పర్మిట్, ఎండాకాలంలో అఖాతంలోకి చేరే నత్రజనిని 2034 నాటికి మొత్తం మీద 40 శాతం తగ్గించాలంది. అందుకు శుద్ధి కేంద్రాల ఆధునికీకరణకు సుమారు 1,100 కోట్ల డాలర్లు కావాలని ఆ కేంద్రాల సమాఖ్యే అంచనా వేసింది. అంత డబ్బు ఏ కేంద్రంలో, ఏ క్రమంలో పెడితే అఖాతానికి మేలు జరుగుతుందో చెప్పేవి ఈ అధ్యయనాలే. అక్కడ పొదుపు చేసిన లక్ష డాలర్లు ఇక్కడ కోట్లలో నష్టం తేవచ్చు.

ఆరో అడుగు: దామాషా దేన్నిబట్టి వేశారో అడగండి

ఈ మార్గదర్శిలో అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన అడుగు ఇదే అని నా అభిప్రాయం. శాతం ఎంత అని అడిగేవారు ఉంటారు కానీ, ఆ శాతానికి ఆధారం ఏమిటని అడిగేవారు చాలా తక్కువ.

మురుగునీటికి రెండు ఆధారాలు సహజంగా తోస్తాయి: వదిలిన నీటి పరిమాణం, ఆ నీటితో పోయిన కాలుష్య భారం. రెండు శుద్ధి కేంద్రాలు రోజుకు 10 మిలియన్ గాలన్ల చొప్పున నీరు వదులుతున్నాయనుకోండి. మొదటిదాని నీటిలో లీటరుకు 30 మిల్లీగ్రాముల నత్రజని ఉంది, రెండోది ఇప్పటికే డబ్బు పెట్టి శుద్ధి మెరుగుపరచుకుంది కాబట్టి 15 మిల్లీగ్రాములే ఉంది. మిలియన్ గాలన్లను లీటరులోని మిల్లీగ్రాములతో, ఆపై 3.785తో గుణిస్తే రోజువారీ భారం కిలోల్లో వస్తుంది. మొదటిది సుమారు 1,136 కిలోలు, రెండోది 568 కిలోలు. పరిమాణాన్నిబట్టి పంచితే ఇద్దరికీ చెరి సగం. భారాన్నిబట్టి పంచితే మొదటివారికి మూడింట రెండు వంతులు, రెండోవారికి ఒక వంతు. ముందే మంచి పని చేసిన ఊరికి ప్రతిఫలం దక్కేది రెండో పద్ధతిలోనే.

పరిమాణం పద్ధతికి ఇంకో లోపం కూడా ఉంది. కరువు ఏళ్లలో ప్రజలు నీరు పొదుపుగా వాడినప్పుడు నీటి పరిమాణం తగ్గుతుంది కానీ మనుషులనుంచి వచ్చే నత్రజని తగ్గదు. పరిమాణాన్నిబట్టి పంచేచోట ఎక్కువ పొదుపు చేసిన నగరం వాటా ఆ ఏడాది తగ్గి, మిగిలినవారిది పెరుగుతుంది. అలాగని భారం పద్ధతి అన్ని సందర్భాల్లోనూ సరైనదని అనలేము, ఎందుకంటే ఆర్‌ఎంపీ కొలిచేది నత్రజని ఒక్కదాన్నే కాదు. పాదరసానికి ఒక భారం, రాగికి మరో భారం, సూక్ష్మ ప్లాస్టిక్కుకు ఇంకొకటి. ఏ ఒక్కదాన్ని ప్రాతిపదికగా తీసుకున్నా ఎవరో ఒకరికి అన్యాయం అనిపిస్తుంది. అందుకే ఒక ఏడాది అంకెలు కాక 3 లేదా 5 ఏళ్ల సగటు అడగడం మంచిది. ఏ ప్రాతిపదిక అయినా అది కాగితం మీద ఉండాలని, నిర్ణీత కాలానికోసారి దాన్ని తిరిగి చూడాలని అడగడం అంతకంటే మంచిది.

వాననీటికి జనాభా, విస్తీర్ణం, నీరు ఇంకని నేల అనే మూడు కొలతలు ఉన్నాయి. గోదాములు, పార్కింగ్ స్థలాలు నిండి నివాసులు తక్కువగా ఉన్న ఊరికి జనాభా లెక్క అనుకూలం. కొండలు, పచ్చిక బయళ్లు ఎక్కువగా ఉన్న ఊరు మొత్తం విస్తీర్ణాన్నిబట్టి కట్టాల్సి వస్తే నష్టపోతుంది. కాలుష్యానికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది నీరు ఇంకని నేల విస్తీర్ణమే కానీ దాన్ని కొలవడం, ఎప్పటికప్పుడు సరిచేయడం ఖర్చుతో కూడిన పని. మీ కౌంటీ ఏ కొలత వాడుతుందో, దాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారో తెలుసుకోండి. ఇరవై ఏళ్లలో జనాభా బాగా పెరిగిన నగరం పాత శాతమే కడుతూ ఉంటే, ఎదగని పక్క ఊరు ఆ తేడాను మోస్తోందన్నమాట. మీ నగరమే లాభపడుతున్న పక్షంలో ఉన్నా ఈ ప్రశ్న అడగాలనే నేను అంటాను, ఎందుకంటే ఉమ్మడి ఏర్పాటు నిలబడేది నమ్మకం మీదే.

ఏడో అడుగు: మినహాయింపులు, ప్రత్యామ్నాయాలు చూడండి

2016లో ప్రాంతీయ బోర్డు శుద్ధి కేంద్రాలకు ఒక ప్రత్యామ్నాయం ఇచ్చింది. ఏళ్ల తరబడి పరీక్షించినా పెద్దగా కనపడని కొన్ని కర్బన రసాయనాలకు గొట్టం దగ్గర చేసే పరీక్షలు తగ్గించుకోవచ్చు. అందుకు బదులుగా అలా మిగిలిన డబ్బును ఆర్‌ఎంపీకి అదనంగా ఇవ్వాలి. ఆ సొమ్ము ఇంకా నియంత్రణ పరిధిలోకి రాని కొత్త రసాయనాల అధ్యయనానికి పోతుంది. మీ కేంద్రం దీన్ని ఎంచుకుని ఉంటే, ఆర్‌ఎంపీ పద్దు పెరిగినట్టు, ప్రయోగశాల పద్దు తగ్గినట్టు కనపడుతుంది. పెరిగినదాన్ని మాత్రమే చూసి కౌన్సిల్‌లో అభ్యంతరం చెప్పేవారికి రెండు పద్దులూ పక్కపక్కన పెట్టి చూపించాలి.

ఎనిమిదో అడుగు: ఏ నిధినుంచి కట్టాలో తేల్చండి

మురుగునీటి దారిలో పోయే వాటాకు ఇబ్బంది లేదు. అది మురుగునీటి సేవకయ్యే ఖర్చు కాబట్టి ఆ రుసుముల నిధినుంచి చెల్లించవచ్చు. వాననీటి వాటా దగ్గరే చిక్కు. 1996లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన 218వ ప్రతిపాదన ప్రకారం ఆస్తికి సంబంధించిన కొత్త రుసుములకు ఓటు కావాలి, నీరు, మురుగు, చెత్త సేవలకు మాత్రం ఆ ఓటునుంచి మినహాయింపు ఉంది. వాననీటి కాలువ ఆ మినహాయింపు కిందికి రాదని 2002లో సాలినాస్ నగరం కేసులో అప్పీలు కోర్టు తేల్చింది. మురుగు అనే మాటలో వాననీరు కూడా ఉందని 2017లో శాసనసభ 231వ సెనేట్ బిల్లు ద్వారా నిర్వచనం ఇచ్చినా, వ్యాజ్యానికి భయపడి చాలా నగరాలు దాని మీద ఆధారపడడానికి జంకుతున్నాయి. పాలో ఆల్టో వంటి కొన్ని నగరాలు ఆస్తి యజమానుల ఓటుతో వాననీటి రుసుము తెచ్చుకున్నాయి. 2017లో అక్కడ ఆ రుసుముకు మళ్లీ ఆమోదం లభించింది. అలాంటి రుసుము లేని నగరం వాననీటి వాటాను సాధారణ నిధినుంచి, అంటే గ్రంథాలయాలు, పార్కులతో పోటీపడి కట్టాలి.

ఈ తేడా వల్ల ఒక ప్రలోభం పుడుతుంది. వాననీటి వాటాను కూడా డబ్బు పుష్కలంగా ఉన్న మురుగునీటి నిధిలో రాసేస్తే పోలేదా అని ఎవరో ఒకరు అంటారు. ఒక రుసుము కింద వసూలు చేసిన డబ్బును ఆ సేవకే వాడాలన్న రాజ్యాంగ నియమం ఉంది కాబట్టి, నగర న్యాయవాది లిఖితపూర్వక అభిప్రాయం లేకుండా అలా చేయకూడదు.

తొమ్మిదో అడుగు: క్యాలెండర్లు కలపండి

ఆర్‌ఎంపీ జనవరినుంచి డిసెంబరు వరకు నడుస్తుంది. నగర ఆర్థిక సంవత్సరం జులైలో మొదలై జూన్‌లో ముగుస్తుంది. కాబట్టి ఒక నగర బడ్జెట్టులో రెండు కార్యక్రమ సంవత్సరాలు సగం సగం కలుస్తాయి. వసంతకాలంలో నగర బడ్జెట్టు ముసాయిదా తయారయ్యే వేళకు తర్వాతి ఏడాది ఆర్‌ఎంపీ మొత్తం ఇంకా ఖరారు కాదు. బహువార్షిక ప్రణాళికలోని అంచనా పెంపును తీసుకుని పద్దు రాసుకోవడం, ఖరారయ్యాక ఏడాది మధ్య సమీక్షలో సరిచేసుకోవడం ఆచరణలో నడిచే దారి. గత ఏడాది అంకెనే తిరిగి రాసేస్తే ఏటా కొంత తక్కువపడుతుంది, ఆ లోటు మరో పనినుంచి తీయాల్సి వస్తుంది.

పదో అడుగు: కౌన్సిల్‌కు నివేదిక రాయండి

నివేదిక రెండు పేజీలు దాటనక్కర్లేదు. పర్మిట్ నిబంధన, మూడు దారుల్లో విడివిడిగా చెల్లింపు, వాటి మొత్తం, ప్రాతిపదిక, నిధి పేరు, గత 5 ఏళ్ల ధోరణి ఉంటే చాలు. దానితోపాటు ఈ డబ్బు వల్ల నగరానికి ఒరిగింది ఏమిటో ఒక్క ఉదాహరణతో చెప్పాలి. నాకు తెలిసినంతలో దక్షిణ అఖాతం రాగి కథకు మించిన ఉదాహరణ లేదు.

రాష్ట్రమంతటికీ వర్తించే ప్రమాణం ఉప్పునీటిలో కరిగిన రాగి లీటరుకు 3.1 మైక్రోగ్రాములు దాటకూడదంటుంది. దక్షిణ అఖాతంలో అది దాటుతూ ఉండేది. ఆ ప్రమాణాన్నే పట్టుకుంటే శాన్ హోసే, సన్నీవేల్, పాలో ఆల్టో కేంద్రాలు చాలా ఖర్చుతో అదనపు శుద్ధి పెట్టుకోవాల్సి వచ్చేది. ఏళ్ల తరబడి సేకరించిన కొలతలు, విషప్రభావ పరీక్షలు చూసినప్పుడు, ఆ నీటిలోని సేంద్రియ పదార్థం రాగిని పట్టి ఉంచడంవల్ల జీవులకు దాని హాని తక్కువగా ఉందని తేలింది. 2002లో అక్కడి నీటికి ప్రత్యేకంగా రాగికి 6.9, నికెల్‌కు 11.9 మైక్రోగ్రాముల ప్రమాణాలు ఏర్పడ్డాయి. దానితోపాటు రాగి పెరగకుండా చూసే బాధ్యత కూడా వచ్చింది. రాగి చేరే దారుల్లో బ్రేకు ప్యాడ్లు ముఖ్యమైనవి. 2010లో రాష్ట్ర శాసనసభ వాటిలో రాగిని 2025 నాటికి అర శాతానికి పరిమితం చేసింది. కొలతలు లేకపోతే నగరాలు అక్కర్లేని యంత్రాలకు డబ్బు పోసేవి, రాగి వచ్చే అసలు మూలం మాత్రం వీధుల్లోనే ఉండిపోయేది.

పదకొండో అడుగు: చెల్లించాక కుర్చీ వెతుక్కోండి

వాటా కట్టిన నగరానికి కమిటీలో మాట్లాడే హక్కు ఉంటుంది, సాధారణంగా తన విభాగం ప్రతినిధి ద్వారా. మురుగునీటి తరఫున బాక్వా, వాననీటి తరఫున కౌంటీ కార్యక్రమాలు ప్రతినిధులను పంపుతాయి. మీ ప్రతినిధి ఎవరో కనుక్కుని, స్టీరింగ్ కమిటీ సమావేశానికి ముందు మీ నగరం ప్రశ్నలు వారికి రాసి పంపండి. సమావేశాల పత్రాలు అందరికీ అందుబాటులో ఉంటాయి. 2019లో వెలువడిన సూక్ష్మ ప్లాస్టిక్కుల అధ్యయనం, వాననీటితో ఏటా 7 లక్షల కోట్ల రేణువులు అఖాతంలోకి చేరుతున్నాయని, వాటిలో టైర్లనుంచి రాలినవి చాలా ఉన్నాయని అంచనా వేసింది. అలాంటి ఫలితం మీ వీధులు ఊడ్చే కార్యక్రమాన్ని, మీ కాలువల జాలీలను ఎలా మార్చాలో అడగాల్సింది ఈ బల్ల దగ్గరే. అడిగిన ప్రశ్నను, వచ్చిన జవాబును అదే దస్త్రంలో పెట్టి ఉంచితే, వచ్చే ఏడాది ఆ పద్దు మళ్లీ కౌన్సిల్ ముందుకు వచ్చినప్పుడు మీ స్థానంలో కూర్చున్నవారికి మొదటి అడుగునుంచి వెతుక్కునే పని తప్పుతుంది.